యాభై దాటాక పిల్లల్ని చూసుకునే పని: విశాఖలో ఏది ఎవరికి సరిపోతుంది?

పిల్లల పెళ్ళిళ్ళయిపోయాయి. ఇంటాయన రిటైరయ్యాడో, మంచాన పడ్డాడో, లేకుండానే పోయాడో. ఒంట్లో ఓపిక ఉంది, చేతిలో డబ్బు లేదు. ఇలాంటి యాభై ఏళ్ళావిడకి విశాఖపట్నంలో దొరికే పనులు తక్కువే. బట్టల షాపులో చేరితే పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడాలి. అంగన్‌వాడీకి వెళ్దామంటే కొత్తగా తీసుకునేది 21 నుంచి 35 ఏళ్ళ లోపు వాళ్ళనే. నాలుగిళ్ళలో అంట్లు తోమి, గదులు తుడిస్తే ఆరు నెలలకి నడుము పోతుంది. పిల్లల్ని చూసుకునే పనిలో మాత్రం వయసు అడ్డం కాదు. ఆరు నెలల బిడ్డని ఇంట్లో వదిలి వెళ్ళాల్సిన తల్లి, ఇరవై ఏళ్ళ అమ్మాయి చేతిలో కన్నా ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి చేతిలో పెట్టడానికే మొగ్గు చూపుతుంది.

అవసరం కూడా పెరిగింది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించాక, మొదటి ఇద్దరు పిల్లలకి తల్లికి జీతంతో 26 వారాల సెలవు వస్తోంది. అంటే బిడ్డ బోర్లాపడి, పాకడానికి సిద్ధమయ్యే వేళకి ఆవిడ సెలవు అయిపోతుంది. అత్తగారు శ్రీకాకుళంలో పొలం వదిలి రాలేరు, అమ్మ ఇంకో కూతురి పురుట్లో ఉంటారు. మధురవాడ, పీఎం పాలెం, ఎండాడల్లో ఐటీ ఉద్యోగుల ఇళ్ళలో, ఎంవీపీ కాలనీ, సీతమ్మధారల్లో డాక్టర్ల ఇళ్ళలో, మల్కాపురం, సింధియా వైపు నేవీ కుటుంబాల్లో మనిషి కోసం వెతుక్కునేది ఇందుకే. నేవీ వాళ్ళ ఇళ్ళలో హిందీ నాలుగు ముక్కలు వస్తే చాలా నయం.

అయితే ఇందులో అయిదారు రకాలున్నాయి. ఒకదానికి సరిపోయే మనిషి ఇంకోదానికి సరిపోకపోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వయసులో జీతం చూసి ఎంచుకోకండి. రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారు, ఎంత వయసు బిడ్డని ఎత్తగలరు, ముందు ఈ రెండూ తేల్చుకోండి. జీతం మాట ఆ తర్వాత.

పగలు వెళ్ళి రావడమా, అక్కడే ఉండిపోవడమా

అక్కడే ఉండే పనికి నెల జీతం ఎక్కువ కనిపిస్తుంది. తిండి వాళ్ళదే, అద్దె ఉండదు, బస్సు ఎక్కే పని లేదు. దాంతో చాలామంది దానికే ఒప్పుకుంటారు. ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. పగటి పనికి 12,000, ఉండే పనికి 18,000 ఇస్తామన్నారనుకుందాం. ఇవి లెక్క కోసం చెప్పిన అంకెలే, మీ దగ్గర రేటు వేరుగా ఉంటుంది. పగటి పని రోజుకి 9 గంటలు, నెలకి 26 రోజులు అంటే 234 గంటలు, గంటకి సుమారు 51 రూపాయలు. అక్కడే ఉంటే మెలకువగా ఉన్నంతసేపూ పనే. రోజుకి 16 గంటల చొప్పున 28 రోజులు వేసినా 448 గంటలు, గంటకి 40 రూపాయలు. రాత్రి బిడ్డ ఏడిస్తే లేచిన గంటలు ఇందులో లేవు. ఆరు వేలు ఎక్కువ అనుకున్నది గంటల్లో చూస్తే తక్కువైంది. ఇంటి అద్దె, తిండి ఖర్చు నిజంగా మిగిలే ఒంటరి మనిషికి ఈ లెక్క మారుతుంది. సొంత ఇల్లుండి, ఇంట్లో మనుషులుండే ఆవిడకి మారదు.

డబ్బు కన్నా పెద్దది నిద్ర. యాభై దాటాక బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి రాత్రి మూడుసార్లు లేవడం ఒక వారం పర్వాలేదనిపిస్తుంది, రెండో నెలకి ఒళ్ళు చెప్పేస్తుంది. అందుకే బీపీ, షుగరు మందులు వాడుతున్నవాళ్ళు చంటిబిడ్డ ఇంట్లో రాత్రి ఉండే పనికి ఒప్పుకోవద్దనే నేను గట్టిగా చెబుతాను. ఒప్పుకోక తప్పకపోతే వారానికి రెండు రాత్రులు బిడ్డ తల్లే చూసుకునేలా ముందే మాట తీసుకోండి.

ఉండే పనిలో ఎవరూ ముందు అడగని ఇంకో సంగతి ఉంది. మీకు పడుకోవడానికి గది ఇస్తారా, హాల్లో చాప వేస్తారా? తలుపుకి లోపల గడియ ఉందా? మీ బట్టలు, మందులు పెట్టుకోవడానికి తాళం వేసుకునే చోటుందా? ఇంట్లో మగవాళ్ళు ఎంతమంది, రాత్రి ఎవరెవరు ఉంటారు? ఇవన్నీ అడగడానికి సిగ్గుపడకండి. మంచివాళ్ళెవరూ ఈ ప్రశ్నలకి కోపం తెచ్చుకోరు.

వితంతు పింఛను తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 రూపాయలు సచివాలయం వాళ్ళు ప్రతి నెలా మామూలుగా ఒకటో తారీకున ఇంటికి తెచ్చి ఇస్తారు. ఆ రోజు మీరు సొంతింట్లో ఉండాలి. కాబట్టి సెలవు ఆదివారమే కాదు, ఒకటో తారీకు పొద్దున కూడా కావాలని పనిలో చేరేటప్పుడే చెప్పండి. కొత్తగా జీతం వస్తే పింఛనుకీ రేషన్ కార్డుకీ ఏమవుతుందో సచివాలయంలో ముందుగా కనుక్కోండి.

పగటి పనికి ఒకప్పుడు పెద్ద అడ్డంకి రాకపోకల ఖర్చు. కంచరపాలెం నుంచి మధురవాడ వెళ్ళి రావాలంటే బస్సులకీ ఆటోలకీ జీతంలో మంచి ముక్క పోయేది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే మన రాష్ట్రం ఆడవాళ్ళకి టిక్కెట్టుకి డబ్బు లేదు. బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, భీమిలి వైపు వెళ్ళే 900 కె, హైవే మీద మధురవాడ మీదుగా తగరపువలస వెళ్ళే 222 పట్టుకోగలిగితే, ఊరికి ఈ చివర ఉన్నవాళ్ళు కూడా ఆ చివర పని చేయవచ్చు. అయితే డబ్బు మిగిలినా సమయం మిగలదు. రోజుకి మూడు గంటలు బస్సులో పోతే ఆ గంటలు కూడా పైన చెప్పిన లెక్కలో కలుపుకోండి. రెండు బస్సులు మారే పని కన్నా ఒక్క బస్సులో వెయ్యి రూపాయలు తక్కువ ఇచ్చే పనే మేలు. సాయంత్రం ఏడు గంటలకల్లా వదిలేస్తామనే మాట కూడా కావాలి. తల్లి మీటింగులో ఇరుక్కుని ఎనిమిదింటికి వస్తే మీరు ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో ఆలోచించుకోండి.

బిడ్డ వయసూ, మీ మోకాళ్ళూ

పుట్టినప్పుడు బిడ్డ మూడు కిలోల దగ్గర ఉంటుంది. అయిదో నెలకి దానికి రెట్టింపు, ఏడాదికి మూడింతలు, రెండేళ్ళకి సుమారు 12 కిలోలు. పని వెతుక్కునేటప్పుడు ఎవరూ ఈ లెక్క వేసుకోరు, ఏడాది తిరిగాక మోకాళ్ళు వేసుకుంటాయి.

ఆరు నెలల లోపు బిడ్డ బరువు ఉండదు, ఎక్కడికీ పోదు. కష్టమంతా నిద్రదీ శుభ్రతదీ. పాల సీసా మరిగించాలి, గుడ్డలు మార్చాలి, ఏడుపు దేనికో కనిపెట్టాలి. పెంచిన చేతులకి ఇది బాగా వచ్చిన విద్య. పగలు మాత్రమే అయితే యాభై అయిదేళ్ళావిడ కూడా హాయిగా చేయగలదు.

ఏడాది నుంచి మూడేళ్ళ దాకా అన్నిటికన్నా కష్టం. కళ్ళు మూసి తెరిచేలోపు సోఫా ఎక్కి, బాల్కనీ గ్రిల్ పట్టుకుని, బాత్రూంలో బకెట్ దగ్గరికి వెళ్ళిపోతాడు. బకెట్లో జానెడు నీళ్ళున్నా ఈ వయసు పిల్లలకి ప్రాణం మీదకి వస్తుంది. రోజంతా వెంట పరిగెత్తాలి, వంగాలి, ఎత్తాలి, అన్నం గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరగాలి. మోకాళ్ళ నొప్పులుంటే ఈ వయసు పిల్లల ఇంటికి వెళ్ళకండి, ఎంత ఇస్తామన్నా సరే. జీతం కోసం ఒప్పుకుని, ఒక క్షణం ఆలస్యంగా లేచినందుకు బిడ్డకి ఏమైనా అయితే ఆ బాధ జీతంతో తీరేది కాదు.

మూడేళ్ళు దాటి బడికి వెళ్ళే పిల్లల దగ్గర పని తేలిక. వ్యాను దగ్గర దించుకోవడం, బట్టలు మార్చడం, అన్నం పెట్టడం, తల్లి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండడం. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకానే కాబట్టి జీతం తక్కువ. పొద్దున ఇంకో ఇంట్లో వంట చేసుకునేవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది. పిల్లల చేత హోంవర్కు చేయించమని అడిగితే మీకు వచ్చినంతే ఒప్పుకోండి.

ఏ వయసు బిడ్డ అయినా ఇద్దరు కలిసి ఉంటే అది రెండు పనుల కింద లెక్క. "పెద్దవాడు బడికెళ్తాడులెండి" అని చెప్పి కుదుర్చుకుంటారు. వేసవి సెలవుల్లో ఇద్దరూ మీ మీదే పడతారు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా ఏం చేయాలో ముందే అడగండి.

నీళ్ళు పోసే పని, మానుకోవాల్సిన పాత అలవాట్లు

రోజంతా ఒక ఇంటికి కట్టుబడి ఉండలేనివాళ్ళకి నేను మొదట చెప్పే పని ఇది. బిడ్డకి నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసి, బాలింతకి కూడా తలంటి పోసి రావడం. ఇంటికి గంటలోపే. దగ్గర దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్లలో మూడిళ్ళు దొరికితే పొద్దున పదిన్నరకల్లా ఇంటికి వచ్చేయవచ్చు. మూడో నెలో, అయిదో నెలో వచ్చేదాకా పోయించుకుంటారు. బారసాలకి చీర పెట్టడం చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. ఒక ఇంట్లో బాగా చేస్తే ఆ అపార్ట్‌మెంట్‌లో తర్వాతి పురుడు మీదే. కింద కూర్చుని లేవగలగాలి, అది ఒక్కటే షరతు. ఇబ్బందల్లా ఆదాయం నిలకడగా ఉండదు. ఒక నెల మూడిళ్ళు, ఇంకో నెల ఒక్కటే.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. ముప్పై ఏళ్ళ కింద మనం పెంచిన పద్ధతుల్లో చాలావరకు మంచివే. లాల పోయడం, ఒళ్ళు రాయడం, పాట పాడుతూ జో కొట్టడం, బిడ్డతో మాట్లాడుతూ ఉండడం ఇప్పటి డాక్టర్లూ చేయమంటారు. కొన్ని మాత్రం మానుకోవాలి. మానుకోలేనంటే ఈ పనిలోకి రాకపోవడమే మంచిది.

ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. పసిబిడ్డ రొమ్ములు పిండి పాలు తీయకూడదు, చీము పడుతుంది. బొడ్డు ఊడేదాకా పొడిగా ఉంచడమే, దాని మీద ఏదీ రాయకూడదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఉగ్గు, వస, ఆముదం, అన్నీ దూరంగా పెట్టాలి. తేనె అయితే ఏడాది దాకా నాలిక మీద రాయడానికి కూడా వీల్లేదు. అందులో ఉండగల క్రిములు చంటిపిల్లల్లో బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తాయి. ఆవాల దిండు వద్దు, ఏ దిండూ వద్దు. బిడ్డని వెల్లకిలానే పడుకోబెట్టాలి. కళ్ళకి కాటుక వద్దు. సాంబ్రాణి పొగ బాలింత జుట్టుకి పెట్టుకుంటే ఆవిడ ఇష్టం, బిడ్డని మాత్రం ఆ గదిలో ఉంచకూడదు.

ఇంట్లో ఉన్న పెద్దావిడ "మా పిల్లలందరికీ వేశాం, నువ్వు వెయ్యి" అంటారు. బిడ్డ తల్లి వద్దంటుంది. మీరు ఎవరి మాట వినాలి? తల్లి మాటే. పెద్దావిడకి ఎదురు చెప్పక్కర్లేదు, "డాక్టరుగారు వద్దన్నారటండీ, కోడలుగారిని ఓసారి అడుగుతాను" అంటే సరిపోతుంది. తల్లికి చెప్పకుండా ఏ మందూ, ఏ సిరప్పూ మీ చేత్తో వేయకండి.

కొత్తగా నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది, అది ప్రాణాలు నిలబెట్టే విద్య. ఏడాది లోపు బిడ్డకి గొంతులో ఏదైనా అడ్డుపడి ఏడుపు కూడా రాకపోతే, తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి కింది భాగంతో 5 సార్లు నొక్కాలి. వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూ 108కి ఫోన్ చేయించాలి. నోట్లో వేలు పెట్టి వెతక్కూడదు, లోపలికి ఇంకా పోతుంది. చదివితే ఇది చేతికి రాదు, బొమ్మ మీద చేసి చూడాలి. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ప్రథమ చికిత్స నేర్పుతాయి. నేర్చుకున్నట్టు కాగితం ఉంటే జీతం అడిగేటప్పుడు మాట గట్టిగా వస్తుంది.

మన ఇంట్లోనే ఉంచుకుని చూసుకోవడం

గాజువాక, కూర్మన్నపాలెం, మర్రిపాలెం వైపు ఇది బాగా నడుస్తుంది. స్టీల్‌ప్లాంట్‌లో ఏ షిఫ్టు, బి షిఫ్టు మారేవాళ్ళు, ఆసుపత్రుల్లో డ్యూటీ చేసే నర్సులు, వీళ్ళకి రోజూ ఒకే టైముకి మనిషి దొరకదు. ఎదురింట్లో నమ్మకమైన పెద్దావిడ ఉంటే అంతకన్నా ఏం కావాలి? మీకూ బస్సు లేదు, పరాయి ఇంట్లో మసలడం లేదు, ఇంటి పని పక్కన అవుతూ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఆదాయం బయట పని కన్నా బాగుండవచ్చు.

కానీ బాధ్యతంతా మీదే. కింది అంతస్తులో ఇల్లుండాలి, లేదా మేడ మెట్లకి గేటు ఉండాలి. గ్యాస్ బండ, ఫినాయిల్, మందులు, బావి, నీళ్ళ డ్రమ్ము, అన్నిటికీ అడ్డు ఉండాలి. ఇంట్లో పొగ తాగేవాళ్ళు, తాగొచ్చేవాళ్ళు ఉంటే ఈ ఆలోచనే వద్దు. మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారో, చుట్టాలు ఎవరొస్తారో తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. ఒక్క చేతి మీద ముగ్గురికి మించి వద్దని నా సలహా. అందులో పాకే బిడ్డ ఒకరికి మించకూడదు. జ్వరం ఉన్న పిల్లని తీసుకోనని మొదటి రోజే చెప్పండి, లేకపోతే ఒకరి జలుబు ముగ్గురికీ, ఆపైన మీకూ.

డబ్బు దగ్గర మొహమాటం వస్తుంది. ఇరుగు పొరుగు కదా, "వచ్చే నెల కలిపి ఇస్తాం అత్తా" అంటారు. నెల మొదట్లోనే తీసుకోవడం అలవాటు చేయండి. బిడ్డ నాలుగు రోజులు ఊరెళ్ళినా నెల జీతం నెలదే అని ముందే చెప్పండి.

ప్లేస్కూల్లో, క్రెష్‌లో ఆయాగా

ఇందులో పెద్దగా చెప్పడానికి లేదు. టైము కచ్చితం, ఆదివారం సెలవు, పండగ సెలవులు, చుట్టూ మనుషులు. జీతం తక్కువ, బాత్రూంకి తీసుకెళ్ళడం, గదులు శుభ్రం చేయడం ఎక్కువ. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని పగలు చూసుకునే చోటు) పెట్టాలని చట్టం చెబుతుంది కాబట్టి కొన్ని ఆఫీసుల్లోనూ ఈ పని దొరుకుతుంది. చేరేటప్పుడు ఒక్కటి అడగండి: ఈఎస్‌ఐ (ఉద్యోగులకి ప్రభుత్వ వైద్య బీమా) ఉందా? నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకి అది వర్తిస్తుంది. మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో మీకూ, మీ మీద ఆధారపడిన ఇంట్లోవాళ్ళకీ వైద్యం అందుతుంది. భర్తకి డయాలసిస్సో, గుండె జబ్బో ఉన్న ఆవిడకి ఆ కార్డు విలువ జీతంలో తేడా కన్నా ఎక్కువ.

ఏజెన్సీ ద్వారానా, తెలిసినవాళ్ళ ద్వారానా

మొదటి పని తెలిసినవాళ్ళ ద్వారానే వెతకండి. డ్వాక్రా సంఘంలో చెప్పండి, అపార్ట్‌మెంట్లలో పనిచేసేవాళ్ళకి, వాచ్‌మన్ భార్యకి చెప్పండి, గుళ్ళో, చర్చిలో చెప్పండి. ఆ ఇంటి సంగతి ముందే తెలుస్తుంది: ఎంతమంది మానేశారు, జీతం టైముకి ఇస్తారా, అన్నం ఎలా పెడతారు. ఏ ఏజెన్సీ మీకు ఈ మాటలు చెప్పదు.

బాలింత దగ్గర నలభై రోజులు, మూడు నెలలు ఉండే పనులకి మాత్రం ఏజెన్సీ ఉపయోగం. ఒకటి అయిపోగానే ఇంకోటి కావాలి కదా, అది వాళ్ళే చూపిస్తారు. వెళ్ళేముందు ఇంటివాళ్ళు ఎంత కడుతున్నారు, మీ చేతికి ఎంత వస్తుంది, రెండూ అడగండి. మీ దగ్గర డిపాజిట్ కట్టమన్నా, అసలు ఆధార్ కార్డు ఉంచుకుంటామన్నా, ఇన్ని నెలలు మానకూడదని కాగితం రాయించుకుంటామన్నా లేచి వచ్చేయండి. ఆధార్ జిరాక్సు ఇవ్వడం, పోలీసు వెరిఫికేషన్‌కి ఒప్పుకోవడం వేరు. అది వాళ్ళ బిడ్డ కోసం, న్యాయమే.

కుదుర్చుకునేటప్పుడు

ఈ పనిలో గొడవలు ఎక్కువగా జీతం దగ్గర కన్నా చేతిసాయం దగ్గర మొదలవుతాయి. "పాప పడుకున్నప్పుడు ఖాళీయే కదా" అని రెండో నెలలో కూరగాయలు, మూడో నెలలో అంట్లు, ఆ పైన ఇంట్లో పెద్దాయన మందులు. బిడ్డ గుడ్డలు, బిడ్డ సీసాలు, బిడ్డ తిండి, బిడ్డ గది వరకు మీ పని. ఇంకేదైనా చేయాలంటే దానికి వేరే డబ్బు. ఇది మొదటి రోజే నవ్వుతూ చెప్పండి, రెండో నెలలో చెప్తే గొడవలా వినిపిస్తుంది. బిడ్డ పడుకున్న గంట మీరూ నడుం వాల్చాలి, ఈ వయసులో అది హక్కుగానే అడగండి.

సంక్రాంతి మాట ముందే తేల్చుకోండి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఉత్తరాంధ్రలో ఎవరి ఊరు వాళ్ళకి కావాలి. సరిగ్గా అప్పుడే వాళ్ళింటికీ చుట్టాలొస్తారు. మీ ఊరి అమ్మవారి పండగ కూడా చెప్పి ఉంచండి.

ఇళ్ళలో కెమెరాలుంటాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమనండి. మీరు పడుకునే, బట్టలు మార్చుకునే చోట ఉండకూడదు. మిగతా చోట్ల ఉండడం మీకే మంచిది. బిడ్డ దానంతట అది పడినా ఎలా పడిందో కెమెరా చెబుతుంది.

పనిలో చేరేముందు బీపీ, షుగరు చూపించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించుకోకుండా చంటిబిడ్డ దగ్గరికి వెళ్ళకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్షా, మందులూ ఉచితం.

జీతం మీ ఖాతాలోకే వేయించుకోండి, కొడుకు ఫోన్‌పేకి కాదు. ఇంటిపనివాళ్ళ లాంటి అసంఘటిత కార్మికులకి ఇచ్చే ఈ-శ్రమ్ కార్డుకి వయసు 59 దాటకూడదు కాబట్టి ఇప్పుడే నమోదు చేయించుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్షా బీమా 70 ఏళ్ళ దాకా ఉంటుంది, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్ళకి 2 లక్షలు వస్తాయి. 436 రూపాయల జీవనజ్యోతి బీమాలో 50 నిండకముందే చేరాలి.

ఆ ఇంట్లో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ఇంటిపని చేసేవాళ్ళకి కూడా వర్తిస్తుంది. జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. వెంటనే సాయం కావాలంటే 112, మహిళల హెల్ప్‌లైన్ 181. ఆ ఇంట్లో బిడ్డనే ఎవరైనా హింసిస్తున్నట్టు కనిపిస్తే 1098.

మనవలు, అమెరికా, కువైట్

"వేరేవాళ్ళ పిల్లల్ని ఎందుకు, మా పిల్లల్ని చూడు" అని కొడుకు హైదరాబాద్ రమ్మంటాడు. ప్రేమ ఉంటే వెళ్ళండి, అందులో సంతోషం దేనికీ సాటి రాదు. కానీ మీకు కావాల్సింది సొంతంగా నాలుగు రూపాయలైతే ఆ మాట వెళ్ళకముందే కొడుకుతో, కోడలితో చెప్పాలి. నెలకి ఇంత నా ఖాతాలో వేయండి అని అడగడం తల్లికి తప్పు కాదు. అక్కడికెళ్ళాక అడగలేరు.

అమెరికాలో తెలుగువాళ్ళింట్లో బిడ్డని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద రమ్మని ఎవరైనా అంటే వద్దు. ఆ వీసా మీద జీతానికి పని చేయడం అక్కడి చట్టం ఒప్పుకోదు. దొరికితే నష్టం మీకే.

గల్ఫ్ సంగతి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి మన ప్రభుత్వం పెట్టిన కనీస వయసు 30. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి, మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. విజిట్ వీసా మీద పంపిస్తాననే ఏజెంటు మాట వినకండి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం రోజుకి 12 గంటల పని, వారానికి ఒక సెలవు అంటుంది గానీ, తలుపులు మూసిన ఇంట్లో దాన్ని అమలు చేయించుకోవడం మన భాష తెలియని చోట యాభై ఏళ్ళావిడకి తేలిక కాదు. నేనైతే పంపను.

మరి మీకు ఏది?

ఆరిలోవలోనో, హనుమంతవాకలోనో ఉండి, ఆరోగ్యం బాగుండి, ఇంట్లో భర్త ఉన్న ఆవిడకి ఎంవీపీ, ఎండాడ వైపు ఆరు నెలల బిడ్డ దగ్గర పగటి పని మొదటి ఎంపిక. ఏడాదిన్నర అయ్యాక బిడ్డ పరుగు మొదలవుతుంది. అప్పుడు మీ మోకాళ్ళని చూసుకుని ఉండాలో, ఇంకో చంటిబిడ్డ ఇంటికి మారాలో నిర్ణయించుకోండి. మానేటప్పుడు నెల ముందు చెప్పండి. బిడ్డ అలవాటు పడి ఉంటుంది, కొత్త మనిషి వచ్చాక వారం రోజులు ఇద్దరూ కలిసి ఉంటే ఏడుపు తగ్గుతుంది. మీకూ కష్టంగానే ఉంటుంది, అమ్మమ్మా అని పిలిచిన బిడ్డ కదా. ఆ కుటుంబం మంచిదైతే పుట్టినరోజుకి వెళ్ళి చూసి రండి.

ఒంటరిగా అద్దెకుంటూ, ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, అప్పు తీర్చాల్సిన ఆవిడ ఏడాది రెండేళ్ళు బాలింతల దగ్గర ఉండే పని చేయవచ్చు. వరసగా చేయకుండా ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పది రోజులు నిద్రపోండి. అప్పు తీరిన నెలే పగటి పనికి మారండి.

గాజువాకలో సొంతిల్లు, మోకాళ్ళ నొప్పి, ఇంట్లో అత్తగారో మామగారో మంచంలో ఉంటే, బడి నుంచి వచ్చే ఇద్దరు పిల్లల్ని సాయంత్రం దాకా మీ ఇంట్లోనే ఉంచుకోండి. అరవైకి దగ్గరపడినవాళ్ళు నీళ్ళు పోసే పని రెండిళ్ళు పట్టుకుంటే చాలు.

ఏది ఎంచుకున్నా మొదటి వారం పరీక్ష వారం అని ఇంటివాళ్ళతో అనుకోండి. ఆ ఏడు రోజులకీ జీతం లెక్కకట్టి ఇవ్వాలి, ఆపైన ఇద్దరికీ నచ్చితేనే నెల పని. ఆ వారంలో బిడ్డ తల్లి ఇంట్లో ఉండేలా చూసుకోండి. తన బిడ్డ ఎలా పడుకుంటుందో, దేనికి ఏడుస్తుందో, ఏ డాక్టరుకి ఫోన్ చేయాలో ఆవిడే దగ్గరుండి చూపించాలి. ఆ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించమనండి.